కీళ్ళ మార్పిడి కోసం దేశాంతర ప్రయాణాలు: కొంత చరిత్ర, కొంత స్వానుభవం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "ముప్ఫై ఆరేళ్ళు నోట్ ఫైళ్ళు తప్ప మరేమీ రాసినవాణ్ణి కానండీ" అన్నాను. ఆయన నవ్వి, "నెలనెలా మన సమావేశంలో సగంమంది కుర్చీలోంచి లేవడానికి పక్కవారి చెయ్యి అడుగుతున్నారు. ఆ మోకాళ్ళ సంగతే రాయండి" అన్నారు. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆ మోకాళ్ళ సంగతి నా ఉద్యోగజీవితంలో ఒక ఫైలుతో ముడిపడి ఉందని గుర్తుకొచ్చింది. కనుక ఆ ఫైలుతోనే మొదలుపెడతాను. మధ్యలో ఈ శస్త్రచికిత్స ఎలా పుట్టింది, దాని కోసం ఎవరెవరు ఏయే దేశాలకు వెళ్ళారు అన్న చరిత్ర నేను చదివి తెలుసుకున్నంతవరకు చెబుతాను. చివరకు మళ్ళీ ఆ ఫైలు దగ్గరకే వస్తాను.

1983 నాటి ఫైలు

అప్పుడు నేను యు.డి.సి.ని. వయసు 34. మా సెక్షనుకు ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుని దరఖాస్తు వచ్చింది. ఆయనకు 54 ఏళ్ళు. రెండు తుంటి కీళ్ళూ అరిగి బిగుసుకుపోయాయి. బోర్డు దగ్గర నిలబడలేరు, నేలమీద కూర్చోలేరు. ఆయన చెల్లెలి భర్త ఇంగ్లండులో డాక్టరు. లాంకషైర్ ప్రాంతంలో తుంటి కీళ్ళు మార్చే పేరున్న ఆసుపత్రి ఉందనీ, ఖర్చు సంగతి తాను చూసుకుంటాననీ, బావగారిని పంపమనీ ఆయన ఉత్తరం రాశారు. ప్రధానోపాధ్యాయులకు మా కార్యాలయం నుండి కావలసినవి రెండే. దేశం వెలుపల సెలవు గడపడానికి అనుమతి, విదేశీ మారకద్రవ్యానికి సిఫార్సు.

ఈ తరం పిల్లలకు ఈ రెండో మాట అర్థం కాకపోవచ్చు. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం అమల్లో ఉన్న రోజులవి. పౌండయినా డాలరయినా రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా చేతికి వచ్చేది కాదు. 2000 జూన్ 1న ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది.

నేను నిబంధనలు చూశాను. ఈ చికిత్స మన దేశంలో దొరకదని వైద్యమండలి ధ్రువీకరించాలి. ఆ పత్రం జతపరచలేదని కొర్రీ వేశాను. మూడు నెలల తర్వాత మండలి నివేదిక వచ్చింది. ఈ శస్త్రచికిత్స బొంబాయిలో లభ్యమవుతున్నదని అందులో ఉంది. అది నిజమే. బొంబాయిలో డాక్టర్ ధోలకియా వంటి పెద్ద శస్త్రవైద్యులు అప్పటికే తుంటి కీళ్ళు మారుస్తున్నారు. కాబట్టి "నిబంధనల మేరకు సిఫార్సు చేయుటకు వీలుపడదు" అని నోటు పెట్టాను. సూపరింటెండెంటుగారు సంతకం చేశారు.

ఆ తర్వాత ఒకరోజు ఆయనే స్వయంగా వచ్చారు. మా సెక్షను రెండో అంతస్తు. లిఫ్టు లేదు. రెండు చేతికర్రల మీద ఆయన ఎక్కి రావడానికి ఇరవై నిమిషాలు పట్టిందని అటెండరు చెప్పాడు. కుర్చీ వేశాను గాని ఆయన కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టమన్నారు. గోడకు ఆనుకుని నిలబడి ఇలా అడిగారు:

"బాబూ, బొంబాయిలో ఆపరేషన్ చేస్తారు, నిజమే. కాని బొంబాయిలో నాకెవరున్నారు? కోసి కుట్టేది ఒక పూట. ఆ తర్వాత నెలల తరబడి నన్ను లేపి నడిపించేదెవరు? అక్కడైతే మా చెల్లెలుంది."

నా దగ్గర సమాధానం లేదు. చికిత్స దొరుకుతుందా లేదా అని అడిగే గడి మా ఫారంలో ఉంది. నడిపించే మనిషి ఉన్నారా అని అడిగే గడి లేదు. "మాస్టారూ, నా చేతుల్లో ఏమీ లేదండీ" అన్నాను. ఆయన నమస్కారం పెట్టి, వచ్చిన దారినే మెట్లు దిగారు. ఆ మెట్ల మీద కర్రల చప్పుడు నా బల్ల దాకా చాలాసేపు వినిపించింది.

ఏనుగు దంతం నుండి ఉక్కు దాకా

ఇక చరిత్రలోకి వస్తాను. అరిగిన కీలు తీసేసి కొత్త కీలు పెట్టవచ్చునన్న ఆలోచన 130 ఏళ్ళ నాటిది. 1890లో బెర్లిన్ నగరంలో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే శస్త్రవైద్యుడు క్షయతో పాడైన మోకాళ్ళకు ఏనుగు దంతంతో చేసిన కీళ్ళు అమర్చాడు. మొదట బాగానే ఉన్నాయి. ఆ కీళ్ళల్లో అప్పటికే క్షయ క్రిములుండటం వల్ల చీము పట్టి విఫలమయ్యాయి. పై అధికారి అయిన ప్రొఫెసర్ కూడా ఆయన పద్ధతిని వ్యతిరేకించాడు. ఆలోచన మంచిదే గాని కాలం కలిసిరాలేదు.

తర్వాత 1923లో అమెరికాలోని బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ తుంటి బంతి మీద గాజు గిన్నె బోర్లించాడు. గాజు శరీరంలో ఇమిడింది గాని బరువుకు పగిలిపోయేది. 1938లో ఆయనే విటాలియం అనే మిశ్రమలోహంతో గిన్నె చేశాడు. అదే ఏడాది లండన్‌లో ఫిలిప్ వైల్స్ బంతినీ గిన్నెనూ రెండింటినీ ఉక్కుతో చేసి అమర్చాడు. ఇంతలో యుద్ధం వచ్చిపడింది. 1946లో పారిస్‌లోని జూడే సోదరులు ప్లాస్టిక్ బంతి పెట్టారు. అది కొన్నాళ్ళకు అరిగి వదులయ్యేది. అమెరికాలో ఆస్టిన్ మూర్ చేసిన లోహపు బంతి మాత్రం నిలిచింది. మన ఇళ్ళల్లో బాత్‌రూములో జారిపడి తుంటి విరిగిన పెద్దవాళ్ళకు జిల్లా ఆసుపత్రుల్లో కూడా వేసిన "ఆస్టిన్ మూర్" అదే. అది సగం మార్పిడి. బంతి మారుతుంది, గిన్నె మారదు.

ఇక్కడ మన పొరుగుదేశం సంగతి ఒకటి చెప్పాలి. ఒకప్పుడు మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుండి వేలాదిమంది ఓడలెక్కి కూలికీ వ్యాపారానికీ వెళ్ళిన బర్మాలో, మాండలే ఆసుపత్రిలో డాక్టర్ శాన్ బా అనే ఎముకల వైద్యుడుండేవాడు. తెప్పించుకునే లోహపు కీళ్ళు ఖరీదు. బర్మాలో ఏనుగులకు కొదవ లేదు. 1960లో ఆయన 83 ఏళ్ళ బౌద్ధ సన్యాసినికి దంతపు బంతి చెక్కి తుంటిలో అమర్చాడు. ఆ తర్వాత మూడువందలమందికి పైగా ఆ విధంగా నడిపించాడు. 1969లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి ఎముకల వైద్యుల సభలో తన ఫలితాలు చెప్పుకున్నాడు. ఎక్కడి వనరుతో అక్కడి మనిషిని లేపి నిలబెట్టినవాడు గనుక ఆయన పేరు ఇక్కడ రాస్తున్నాను.

క్షయ ఆసుపత్రిలో పుట్టిన కొత్త తుంటి

మా ప్రధానోపాధ్యాయులు వెళ్ళాలనుకున్న ఆసుపత్రి పేరు రైటింగ్టన్. ఇంగ్లండులో విగన్ అనే పట్టణానికి దగ్గర. మన మదనపల్లె ఆరోగ్యవరం వంటి క్షయ ఆసుపత్రి అది. మందులు వచ్చి క్షయ తగ్గుముఖం పట్టాక అక్కడ మంచాలు ఖాళీ అయ్యాయి. జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు అక్కడ చేరి, 1961లో తుంటి శస్త్రచికిత్సా కేంద్రం ప్రారంభించాడు.

చార్న్‌లీ 1911లో ఆ జిల్లాలోనే బరీ పట్టణంలో పుట్టాడు. జూడే బంతి పెట్టించుకున్న ఒక రోగి, తాను కదిలినప్పుడల్లా తుంటి కిర్రుమంటుందనీ, ఆ చప్పుడు భరించలేక భార్య గదిలోంచి లేచి వెళ్ళిపోతుందనీ ఆయనతో మొరపెట్టుకున్నాడట. కీలు కిర్రుమంటే రాపిడి ఉన్నట్టే. రాపిడి తగ్గించడమెలా అన్న ప్రశ్న చార్న్‌లీని అక్కడి నుండి పట్టుకుంది.

ఆయన మూడు పనులు చేశాడు. ఒకటి, బంతిని చిన్నది చేశాడు. అడ్డుకొలత సుమారు 22 మిల్లీమీటర్లు. రెండు, ఆ బంతి కాడ ఎముకలో కదలకుండా కట్టుడు పళ్ళ తయారీలో వాడే ఆక్రిలిక్ జాతి సిమెంటుతో బిగించాడు. మూడు, గిన్నెను నున్నని ప్లాస్టిక్‌తో చేశాడు.

ఈ మూడోదానిలోనే మొదట దెబ్బతిన్నాడు. ఆయన ఎన్నుకున్న టెఫ్లాన్ మూడు నాలుగేళ్ళలో అరిగిపోయి, ఆ పొడి చుట్టూ కండ వాచింది. అప్పటికి దాదాపు 300 మందికి అమర్చి ఉన్నాడు. ఆయన దాక్కోలేదు. ఆ రోగులను పిలిచి మళ్ళీ శస్త్రచికిత్స చేశాడు. పొడి శరీరానికి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దాన్ని తన తొడలోనే ఎక్కించుకుని చూసుకున్నాడు.

1962లో పాలిథిన్ జాతి గట్టి ప్లాస్టిక్ ముక్క ఒకటి ఆ ప్రయోగశాలకు వచ్చింది. లాంకషైర్ జౌళిమిల్లుల మగ్గాలకు పళ్ళచక్రాలు అమ్మే ప్రతినిధి తెచ్చిన ముక్క అది. చార్న్‌లీ గోటితో గీకి చూసి పనికిరాదని ఊరెళ్ళాడు. ఆయన దగ్గర పనిచేసే హ్యారీ క్రేవెన్ అనే సాంకేతిక ఉద్యోగి మాత్రం యజమాని వద్దన్నా దాన్ని అరుగుదల యంత్రం మీద పెట్టి తిప్పాడు. మూడు వారాలు తిరిగినా టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. అదే ఏడాది నవంబరులో ఆ ప్లాస్టిక్‌తో చేసిన గిన్నె మొదటి రోగి తుంటిలోకి వెళ్ళింది. నాటి పద్ధతే ఎన్నో మెరుగులతో ఈనాటికీ నడుస్తోంది. చిన్న ఉద్యోగి తన బుద్ధితో చేసిన పని లోకానికి ఎంత మేలు చేయగలదో మనవంటివారం గమనించదగ్గ విషయమిది. నావరకు నాకు ఆ కథ చదివినప్పుడు కొంచెం సిగ్గేసింది కూడా.

శస్త్రచికిత్స తర్వాత చీము పట్టడం అప్పట్లో పెద్ద భయం. తొలిరోజుల్లో నూటికి ఎనిమిది తొమ్మిదిమందికి పట్టేది. చార్న్‌లీ శస్త్రచికిత్స బల్ల చుట్టూ గాజుగది వంటిది కట్టించి, వడపోసిన గాలి పంపించాడు. ఇంకా ఇతర జాగ్రత్తలు కూడా తీసుకుని, చివరకు ఆ సంఖ్యను నూటికి ఒకటికంటే తక్కువకు దించాడు.

ఇక్కడి నుండి ప్రయాణాలు మొదలయ్యాయి. మొదట ప్రయాణించినది ఎక్కువగా వైద్యులే. తన దగ్గరకు వచ్చి పద్ధతి నేర్చుకున్నవారికే ఆ కీళ్ళు అమ్మాలని చార్న్‌లీ చాలాకాలం తయారీదారుకు షరతు పెట్టాడు. కనుక నానా దేశాల వైద్యులు ఆ పల్లెటూరి ఆసుపత్రికి వెళ్ళి నేర్చుకున్నారు. కెనడా నుండి వెళ్ళిన గన్‌స్టన్ అనే యువ వైద్యుడు 1968లో అక్కడే తుంటి సూత్రాన్ని మోకాటికి అన్వయించాడు. న్యూయార్కులో ఇన్సాల్, ఆయన సహచరులు 1974లో అమర్చడం మొదలుపెట్టిన మోకాటి కీలు నేటి మోకాళ్ళన్నిటికీ మాతృక. ఆ సహచరుల్లో ఒకరు మన దేశంలో పుట్టిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్.

చార్న్‌లీకి 1977లో సర్ బిరుదు వచ్చింది. 1982లో కాలం చేశాడు. తాము చనిపోయాక ఆ కీలు తీసి పరీక్షించుకొమ్మని ఆయన రోగులు ఎందరో ముందే సమ్మతి ఇచ్చారట. నడిపించినవాడికి వారు తీర్చుకున్న రుణమది.

ఎదురుచూపుల జాబితా, సముద్రపు ప్రయాణం

రోగులు దేశం దాటడానికి కారణాలు కాలాన్నిబట్టి మారాయి. మొదట నైపుణ్యం ఒకచోటే ఉండటం కారణం. తర్వాత నైపుణ్యం అంతటా వచ్చింది గాని వరస పెరిగింది. బ్రిటన్‌లో 1948 నుండి ప్రభుత్వమే వైద్యం ఉచితంగా చేస్తుంది. అయితే తుంటి మార్పిడికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా ఆగవలసి వచ్చేది. 2002 జనవరిలో ఆ ప్రభుత్వమే కొందరు రోగులను తన ఖర్చుతో ఫ్రాన్స్‌లోని లీల్ పట్టణానికి పంపింది.

ఆ మరుసటి ఏడాది 70 దాటిన ఒక బ్రిటిష్ పెద్దావిడ, నొప్పి భరించలేక, అనుమతి నిరాకరించినా ఫ్రాన్స్ వెళ్ళి 3,900 పౌండ్లు తన డబ్బు పెట్టి తుంటి మార్పించుకుంది. తిరిగివచ్చి ఆ సొమ్ము ఇప్పించమని కోర్టుకెక్కింది. 2006 మే నెలలో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. వరసలో ఉన్నారన్న ఒక్క కారణంతో అనుమతి నిరాకరించరాదు, ఆ రోగి నొప్పి, స్థితి చూసి ఎంతకాలం ఆగగలరో విచారించాలి అన్నది దాని సారాంశం. కెనడాలో కూడా తుంటి మార్పిడికి సుమారు ఏడాది ఆగవలసి వచ్చిన ఒక వృద్ధుడు, ఒక డాక్టరుతో కలిసి వేసిన దావాలో 2005లో అక్కడి సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. రోగి స్థితి విచారించాలన్న ఆ ఐరోపా తీర్పు చదివినప్పుడు నాకు మా సెక్షను గోడకు ఆనుకుని నిలబడ్డ మాస్టారు కనిపించారు.

అమెరికావారి కారణాలు వేరు. అక్కడ వరసకంటే ఖర్చు భారం ఎక్కువ. బీమా లేనివారు ఇతర దేశాలు చూసుకున్నారు. 1997లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తుంటి బంతిని తీసివేయకుండా పైన లోహపు టోపీ తొడిగే పద్ధతి వచ్చింది. అమెరికా ప్రభుత్వం ఆ కీలుకు 2006 దాకా అనుమతి ఇవ్వలేదు. ఆ మధ్యకాలంలో ఎందరో అమెరికన్లు దాని కోసం బర్మింగ్‌హామ్‌కు, బెల్జియంకు, మన చెన్నైకి వచ్చారు.

గాలి ఇటు మళ్ళిందని మనకందరికీ తెలిసింది మాత్రం 2000 అక్టోబరులో. అప్పటి ప్రధాని వాజ్‌పేయిగారు ఎడమ మోకాలు మార్పించుకోవడానికి ఏ దేశమూ వెళ్ళలేదు. ముంబైలోని బ్రీచ్ కాండీ ఆసుపత్రిలోనే చేయించుకున్నారు. ఇందాక చెప్పిన డాక్టర్ రణావత్ అమెరికా నుండి వచ్చి చేశారు. 2001 జూన్‌లో కుడి మోకాలు కూడా అక్కడే అయింది. అంతవరకు "మోకాలు మార్చడమేమిటి, ఉన్నది కూడా పోతుంది" అన్నవాళ్ళు కూడా ఆ తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్ళసాగారు.

2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వ ధరల సంస్థ మోకాటి కీళ్ళకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతకుముందు సగటున లక్షా 58 వేలు పలికిన కోబాల్ట్ క్రోమియం కీలు 54,720 రూపాయలకు దిగింది. అది పన్ను కాక ధర. పింఛనుదారులకు ఇది చిన్న విషయం కాదు.

మా ఇంట్లో జరిగింది

ఆ మరుసటి సంవత్సరం, 2018లో, మా ఆవిడకు కుడి మోకాలు మార్పించవలసి వచ్చింది. ఆమెకప్పుడు 65. పూజగదిలో కింద కూర్చోవడం ఎప్పుడో మానేసింది. రాత్రి పక్కమీద కాలు మార్చుకోవాలన్నా మూలిగేది. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. "నాన్నా, అమ్మను ఇక్కడికి తీసుకురండి, మంచి డాక్టర్లున్నారు" అంది. నేను కాగితం మీద రెండు వరసలు గీసి లెక్కవేశాను. అక్కడ సందర్శకులకు ఇచ్చే బీమా సాధారణంగా ముందునుండీ ఉన్న జబ్బుకు వర్తించదు. ఖర్చంతా అమ్మాయి మీద పడుతుంది. అది ఒక వరస. రెండో వరసలో మాస్టారు అడిగిన ప్రశ్న రాశాను: నడిపించేదెవరు? అల్లుడూ అమ్మాయీ ఉదయం వెళితే సాయంత్రం వస్తారు. ఇక్కడైతే నేనున్నాను, ఎదురింటివారున్నారు, ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఉంది. హైదరాబాదులోనే చేయించాం. మా అమ్మాయి నెలరోజులు సెలవు పెట్టి తానే వచ్చింది. ప్రయాణం చేయవలసినది రోగి ఒక్కరే కానక్కర్లేదని అప్పుడు తెలిసింది.

మరునాడే వాకరు పట్టించి నిలబెట్టారు. తొలిరోజుల్లో వారాల తరబడి మంచాన ఉంచేవారట, ఇప్పుడు ఆ పద్ధతి లేదు. కాని అసలు పని ఇంటికొచ్చాకే. మడమ కింద ప్లాస్టిక్ కవరు వేసుకుని మంచం మీద కాలు ముందుకూ వెనక్కూ జరపాలి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి అదిమి పట్టాలి. మొదటి వారాల్లో మడత రాకపోతే తర్వాత తెప్పించడం చాలా కష్టం. మా ఆవిడ ఏడ్చింది, నన్ను తిట్టింది, అయినా చేసింది. మూడో నెలలో కర్ర లేకుండా గుడిమెట్లు ఎక్కింది.

ఆసుపత్రిలో మా పక్కగదిలో సూడాన్ దేశం నుండి వచ్చిన పెద్దమనిషి ఉండేవారు. తపాలా శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు బాగా వచ్చు. పింఛను లెక్కలు, కరువుభత్యం లేని కష్టాలు మాట్లాడుకుంటే ఇద్దరం ఒకే ఆఫీసులో చేసినట్టుండేది. కాస్త పొలం అమ్మి, కొడుకుని వెంటపెట్టుకుని వచ్చారు. రెండు మోకాళ్ళూ మార్పించుకున్నారు. ఆయన భయం కూడా అదే. "ఇక్కడ ఆపరేషన్ అవుతుంది. మా ఊళ్ళో నాకు వ్యాయామం చేయించేదెవరు?" ముప్ఫై అయిదేళ్ళ తర్వాత వేరే దేశపు మనిషి నోట అదే మాట విన్నాను.

ఈసారి నేను ఫారం చూడలేదు. ఆయన ఆసుపత్రి దగ్గరే గది అద్దెకు తీసుకుంటే, మా ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగి ఆయన కొడుక్కి వ్యాయామాలన్నీ నేర్పించాను. ఏ రోజు ఎన్నిసార్లు, ఎంత మడత అన్నది నేనే ఒక పట్టీ గీసి టైపు చేయించి ఇచ్చాను. ఆ పని మాత్రం నాకు బాగా చేతనవును. ఆరు వారాలుండి వెళ్ళారు. ఆ తర్వాత పండగలకు ఫోను చేసేవారు. రోజూ నడిచి మసీదుకు వెళుతున్నానని చెప్పేవారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైంది. లక్షలాదిమంది ఇళ్ళు వదిలి నడుచుకుంటూ పోయారు. అప్పటి నుండి ఆయన ఫోను కలవడం లేదు. ఆ మోకాళ్ళు ఆయనను క్షేమమైన చోటికి చేర్చి ఉంటాయని మా ఆవిడ దీపం పెట్టినప్పుడల్లా అనుకుంటూ ఉంటుంది.

సభ్యులకు మనవి

దూరం వెళ్ళి చేయించుకునేవారికి, దేశమైనా నగరమైనా, అనుభవం మీద నాలుగు మాటలు. మొదటిది, శస్త్రచికిత్స ఎవరు చేస్తారని అడిగినంత శ్రద్ధగా తర్వాతి రెండు మూడు నెలలు ఎవరు దగ్గరుంటారని అడగండి. రెండోది, పెద్ద శస్త్రచికిత్స తర్వాత కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. సుదీర్ఘ విమానప్రయాణం దాన్ని పెంచుతుంది. డాక్టరు ఇన్ని వారాలు ఆగమంటే టిక్కెట్టు అందుకు తగినట్టే కొనండి. మూడోది, చీము నెలల తర్వాత కూడా పట్టవచ్చు. ఇంటిదగ్గర చూసే డాక్టరును ముందే మాట్లాడి పెట్టుకోండి. నాలుగోది, ప్రతి కీలుకూ ఒక చీటీ ఉంటుంది. దానిమీద తయారీ వివరాలు, నంబరు ఉంటాయి. దాన్ని మీ పింఛను కాగితంలా భద్రపరచండి. 2010లో ఒక అంతర్జాతీయ సంస్థ తాను అమ్మిన లోహపు తుంటి కీళ్ళను ప్రపంచమంతటా వెనక్కు పిలిచినప్పుడు, మన దేశంలో కూడా ఎందరికో తమకు ఏది వేశారో తెలియక ఇబ్బంది కలిగింది. కాగితం విలువ మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంట్లో ఎత్తు కమోడు, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ ఆపరేషన్‌కు ముందే పెట్టించండి. విమానాశ్రయంలో తనిఖీ యంత్రం మోగితే కంగారుపడకండి, డిశ్చార్జి కాగితం చూపించండి.

ఇక ఆ 1983 ఫైలు. మాస్టారు ఇంగ్లండు వెళ్ళలేదు, బొంబాయీ వెళ్ళలేదు. రెండేళ్ళకు ముందుగానే పదవీవిరమణ తీసుకున్నారని, ఇంట్లో కుర్చీకే పరిమితమయ్యారని ఆ ఊరి ఉపాధ్యాయుడొకరు చెప్పారు. 1991లో కాలం చేశారట. ఫైలు మాత్రం సక్రమంగా ముగిసి రికార్డు రూముకు వెళ్ళింది. దానిలో నేను రాసిన ఒక్క మాట కూడా తప్పు కాదు. ఏ ఆడిట్ కూడా అభ్యంతరం చెప్పలేదు.

అయితే నోటు చివర ఒక వాక్యం రాసి ఉండవచ్చును. "దరఖాస్తుదారుని పరిచర్యకు స్వదేశంలో ఎవరూ లేనందున, ప్రత్యేక సందర్భంగా పరిగణించుటకు పై అధికారుల ఉత్తరువు కోరడమైనది" అని. పై అధికారి కాదంటే కాదనేవారు. కాని ఆ వాక్యం రాయవద్దని నన్నెవరూ ఆపలేదు. నాకు తోచలేదు, అంతే. హ్యారీ క్రేవెన్‌కు తోచింది.

మన సభ్యుల్లో ఎవరికైనా శస్త్రచికిత్స నిశ్చయమై, తర్వాత నడిపించడానికి మనిషి లేకపోతే కార్యదర్శిగారికి చెప్పండి. ఆ వ్యాయామాల పట్టీ ప్రతులు నా దగ్గరున్నాయి. నాకు 76 ఏళ్ళు, నా మోకాళ్ళు ఇంకా నన్ను మోస్తున్నాయి. సాయంత్రం నాలుగింటికి వచ్చి మీ వీధి చివరిదాకా మీతో నడవగలను.